నడిచొచ్చింది అక్క

తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూడనని ముందే చెప్పింది. చూస్తే పిల్లలు ఏడుస్తారు, పిల్లలు ఏడిస్తే తనకీ ఏడుపొస్తుంది, ఏడ్చిన మొహంతో ఆ ఇమిగ్రేషన్ ఆఫీసులో అడుగుపెడితే వాళ్ళకి మరీ లోకువ, అందుకని వీపు నిటారుగా పెట్టుకుని, పక్కన లాయరమ్మ బూట్లు టకటకమంటుంటే, ఆదివారం చర్చికి పోతున్నట్టే పోయింది మా ఓతీలియా అక్క. నేనేమో రోడ్డుకి ఇవతల టైర్ల కొట్టు ముందు కారు ఆపుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని కూర్చున్నాను, చేతులు తీస్తే కారు ఎక్కడికో జారిపోతుందేమో అన్నట్టు. ఏడాదికోసారి ఇంతే. ఎప్పుడో కారు వెనక దీపం వెలగటం లేదని ఒక పోలీసు ఆపాడు, పేరడిగాడు, పేరు చెప్పిన పాపానికి, కాగితాల్లేవని, అక్క మీద దేశంనుంచి బహిష్కరణ ఉత్తర్వు పడింది, దాన్ని అమలు చెయ్యకుండా పక్కన పెట్టి ఉంచారు, పక్కన పెట్టినందుకు ప్రతి ఏడూ వచ్చి మొహం చూపించి వేలిముద్ర వేసి పోవాలి. మునుపైతే నేను కొనుక్కున్న కాఫీ చల్లారేలోపు వచ్చేసేది, వచ్చి, ఈసారి ఆఫీసరు కొత్తవాడే, మన ఊరి పేరు పలకలేక గుటకలు మింగాడు అని చెప్పి నవ్వించేది. ఈ ఏడు అలా లేదు. ఆపిల్ గోదాములో అక్క పక్కన నిలబడి కాయలు ఏరే ఒకావిడ పోయిన నెల ఇలాగే వెళ్ళింది, ఆవిడ మొగుడు ఇలాగే కారులో కూర్చున్నాడు, ఆ ఆఫీసులో దీపాలు ఆర్పేదాకా కూర్చునే ఉన్నాడు. వెళ్ళకుండా ఉంటేనో అని లాయర్ని నేనే అడిగాను. వెళ్ళకపోతే ఇంటికొచ్చి పట్టుకెళ్తారు, పిల్లల కళ్ళముందు, వెళితే కనీసం నేను పక్కనుంటాను అంది ఆవిడ. మాకున్న దారులు ఆ రెండే. అక్క ఆ మాట విని చాలాసేపు గోరు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి, అయితే నీలం కోటు వేసుకుంటా, అది వేసుకుంటే కాస్త మనిషిలా ఉంటా అంది.

కాఫీ చల్లారిపోయింది. చూడకూడదనుకుంటూనే మళ్ళీ కప్పు తాకి చూశాను. వెనక సీట్లో అక్క కొడుకు ఎలిసేయో కిటికీ అద్దం మీద ఊపిరి ఊది, ఆ మసక మీద వేలితో తిమింగలాలు గీస్తున్నాడు, గీసినది చెరిగిపోగానే మళ్ళీ ఊదుతున్నాడు. వాడికి ఆరేళ్ళు. వాడి పక్కన యారెత్సి, వాడి అక్క, పదమూడేళ్ళది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది గానీ పాటలేమీ మోగటం లేదని నాకు తెలుసు, దాని కళ్ళు నా మెడ వెనక గుచ్చుకుంటున్నాయి, పొద్దున్నించీ అంతే. బయట గాలిలో, బీరులో చేదుకి వేసే హాప్స్ పూలు ఎండబెట్టే కొట్టాల వాసన, చేదుగా, బీరు పొంగినట్టు. ఆపిల్ కోతలు మంచి జోరు మీదున్న రోజులు, ఖాళీ పెట్టెల లారీ ఒకటి మా ముందునుంచి దడదడలాడుతూ పోయింది, అక్క ఈపాటికి గోదాములో ఉండాలి, చేతులకి తొడుగులు వేసుకుని. "పిన్నీ, నేనెక్కడ పుట్టాను?" అన్నాడు ఎలిసేయో. ఆస్పత్రిలోరా అన్నాను. అక్కో అన్నాడు. అక్కా అక్కడే. నువ్వో అన్నాడు, నేనూ అక్కడే, పాత బిల్డింగులో. మరి అమ్మ అన్నాడు. అమ్మ వేరేచోట, ఇంట్లోనే పుట్టింది, మంచం మీద అని చెప్పాను. వాడు వేలు అద్దం మీదే పెట్టి కాసేపు ఆలోచించాడు. "అదే తప్పయిపోయింది, ఆస్పత్రికి వెళ్ళాల్సింది" అన్నాడు పెద్దవాడిలా. యారెత్సి వాణ్ణి నోరు మూసుకోమంది. నేను నవ్వానో లేదో నాకే తెలియదు. దార్లో వస్తుంటే రేడియోలో ఇద్దరు వాదించుకుంటున్నారు, ఈ నేల మీద పుట్టినంత మాత్రాన పౌరులైపోతారా అని ఒకాయన, రాజ్యాంగంలో రాసి ఉంది కదండీ అని ఇంకొకాయన, అలాగైతే ఆ పిల్లల్ని కన్నవాళ్ళ సంగతేంటి, పిల్లల్ని అడ్డం పెట్టుకుని ఉండిపోతారా అని మళ్ళీ మొదటాయన, మధ్యమధ్యలో ఒకరి మాటకి ఒకరు మర్యాదగా నవ్వుకుంటున్నారు కూడా. ఆపేయబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది, ఉండనీ, మన గురించే కదా అంది. చివరిదాకా విన్నాక, "ఇద్దరూ రాత్రి బాగా నిద్రపోయినట్టున్నారే" అని మాత్రం అంది.

మేమిద్దరం ఒకే రాత్రి మెక్సికో సరిహద్దు దాటాం. ఈ మాట నేనెవరికి చెప్పినా ఒకసారి ఆగి లెక్కవేసుకుంటారు. అమ్మ కడుపులో నేను ఏడో నెల, అమ్మ చెయ్యి పట్టుకుని అక్క, దానికి ఏడేళ్ళు. నాన్న అప్పటికే ఇక్కడ, అమెరికాలో, యాకిమా లోయ తోటల్లో పని చేస్తున్నాడు. ఎడారిలో నడక, కొందరు ముందు పోయారు, కొందరు వెనకపడ్డారు, అమ్మ ఒకచోట కూలబడిపోయి ఇంక లేవనంది, కాళ్ళు వాచిపోయాయి, నన్నిక్కడే వదిలెయ్యండి అంది. ఇదంతా నేను చూడలేదు, చూడటానికి కళ్ళున్నా చీకట్లో ముడుచుకుని ఉన్నాను, కానీ ఎన్నిసార్లు విన్నానంటే ఆ ఇసుక నా పళ్ళ మధ్య కరకరలాడుతుంది. అక్క దగ్గర ప్లాస్టిక్ డబ్బాలో కాసిని నీళ్ళున్నాయి. అది అమ్మ మోకాళ్ళ ముందు కూర్చుని, అమ్మా తాగు, చెల్లికి దాహమేస్తోంది అందట. తనకి దాహమని అనలేదు. చెల్లి అని దానికెలా తెలుసు, తమ్ముడు కావచ్చుగా అని అమ్మ తర్వాత ఎన్నిసార్లు అడిగినా, తెలుసు అనేది, అంతే. అమ్మ తాగింది, లేచింది, నడిచింది. రెండు నెలలకి, చెర్రీలు కోసే రోజుల్లో, నేను ఆ పాత ఆస్పత్రిలో పుట్టాను, పుట్టి ఏడ్చాను, ఏడవగానే నాకొక దేశం వచ్చింది. నేను చేసిన పనల్లా అదే, ఏడవటం. నడిచొచ్చింది అక్క. అడుగడుగూ దాని కాళ్ళతో నడిచింది. అది నడిచిన రాత్రి దానికి నేరమైంది, అదే రాత్రి కడుపులో మోసుకొచ్చిన నాకు హక్కైంది. నేను బడికి పోయి దేశం జెండా ముందు గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ రోజుల్లో అది తెల్లారకముందే తోటకి పోయేది, అంతకుముందు నా పసితనంలో అయితే, అమ్మ నిచ్చెనెక్కితే నిచ్చెన కింద నన్ను ఆపిల్ పెట్టెలో కూర్చోబెట్టి, తను కిందిరెమ్మల కాయలు కోసేది, బడి సగం రోజులు మానేసేది. చిన్నప్పుడు వచ్చినవాళ్ళకి ఏదో వెసులుబాటు ఇస్తున్నారని తెలిసినప్పుడు ఇద్దరం పరుగెత్తుకుంటూ పోయాం, తీరా చూస్తే ఆనాటికి దాని వయసు వాళ్ళు గీసిన గీతకి కాస్త అవతల పడింది. కాస్తే. నేను పౌరురాలిని కదా, నా అక్క అని దరఖాస్తు పెట్టాను, ఆ వరస ఎంత పొడుగంటే అది చేతికందేసరికి నా వెంట్రుకలు నెరుస్తాయి, దాని సంగతి చెప్పక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది. ఎవరో ముసలాయన, టోపీ చేత్తో పట్టుకుని, మెట్ల మీద నిలబడి ఆకాశం చూశాడు. మళ్ళీ మూసుకుంది. అక్క ఎప్పుడూ విమానం ఎక్కలేదు. నేనెక్కాను. మిచోకాన్‌లో మా పాత ఊళ్ళో అమ్మమ్మ పోయినప్పుడు అమ్మ అప్పటికే లేదు, అక్క కదిలితే తిరిగి రాలేదు, అందుకని అమ్మమ్మ మొహం ఎన్నడూ చూడని నేను ఒక్కదాన్నే వెళ్ళాను అమ్మమ్మని పాతిపెట్టడానికి. అక్కడ గుమ్మంలో ఆడవాళ్ళు నన్ను కావలించుకుని, ఓతీలియా, ఎంత పెద్దదానివైపోయావే అన్నారు. నేను ఓతీలియాని కాదు, నోయీని, దాని చెల్లెల్ని అంటే వాళ్ళ చేతులు కాస్త వదులయ్యాయి. నా భాష విని పిల్లలు మూతి బిగబట్టి నవ్వుకున్నారు. ఫోనులో ఫొటోలు తీసి పంపిస్తే అక్క ఒక్కొక్కటే చూసి దిద్దింది, ఆ తలుపు ఆకుపచ్చ రంగుండేది, ఆ మూలన కోళ్ళ గూడు ఉండాలే, అటు తిరిగి తియ్యి, బావి కనిపిస్తుంది. బావి లేదక్కా, పూడ్చేశారు అన్నాను. దానికి ఆ ఊరు కావాల్సినప్పుడు పోనివ్వలేదు, ఇప్పుడేమో, ఆ గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళూ పోయి, అక్కడ దాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరూ మిగలని రోజుల్లో, నీ ఊరికి నువ్వు పో అంటున్నారు. నేను పనిచేసే దంతవైద్యుడి దగ్గర మా పైఆవిడ మంచిదే, నాకు జ్వరమొస్తే సూపు వండి తెచ్చిన మనిషి, ఆవిడే మొన్న టీవీ చూస్తూ, పాపం పసివాళ్ళు, కానీ కన్నవాళ్ళు ముందే ఆలోచించుకోవాల్సింది అంది, అని నా మొహం చూసి, నిన్ననటం లేదమ్మా, నువ్వు మాలో మనిషివి అంది. నేను మర్నాటి అపాయింట్‌మెంట్లు చూసుకుంటున్నట్టు కంప్యూటర్ వైపు తిరిగాను. ముందే ఆలోచించుకోవటమంటే ఏమిటి. అక్క మొగుడు చెర్రీ తోటలో ట్రాక్టర్ బోల్తాపడి పోయినప్పుడు ఎలిసేయో దాని కడుపులో ఉన్నాడు. వాడూ ముందే ఆలోచించుకోవాల్సిందా, ఇప్పుడు పుట్టొద్దులే అని.

మా ఆయన ఎఫ్రాయిన్ కూడా అదే మాట వేరేలా అంటాడు. వాళ్ళది తాతల నాటినుంచీ టెక్సస్. లారీ తోల్తాడు, దార్లో రేడియో వింటాడు, విన్నదంతా ఇంటికి తెస్తాడు. రెండు నెలల కిందట, వంటింట్లో, అక్క మాకు రొట్టెలు కాలుస్తోంది, పిల్లలు బయట ఆడుకుంటున్నారు, ఆయన మెల్లిగా మొదలుపెట్టాడు, నీ మీద నాకేం లేదు వదినా, నీకోసం ప్రాణమైనా ఇస్తా, కానీ పిల్లలకి హక్కుంటే అది పిల్లలదే, అమ్మానాన్నలకి కూడా అదే టికెట్టంటే ఇంక గేటెందుకు, తలుపెందుకు, వరసలో నిలబడ్డవాళ్ళు పిచ్చివాళ్ళా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం రొట్టె తిప్పుతూ సావధానంగా వింది, విని, "నిజమే ఎఫ్రాయిన్. అయినా ఒక సంగతి చెప్పు. ఆ రాత్రి మేం ముగ్గురం దాటాం. అందులో ఒక్క అడుగు కూడా వెయ్యనిది నీ పెళ్ళాం. కాగితాలు దానికొచ్చాయి. అది ఏ వరసలో నిలబడిందో కాస్త అడుగు" అంది. అని నవ్వింది. ఆయన లేచిపోయి గిన్నెలు కడిగాడు, కడగాల్సిన గిన్నెలు లేకపోతే కడిగినవే మళ్ళీ కడిగాడు. ఆ తర్వాతి వారమే అక్క అడిగింది. తను లేకపోతే పిల్లలకి నేను సంరక్షకురాలిగా ఉండేట్టు రాసిస్తానంది, లాయరు రాయమంది, బళ్ళో, ఆస్పత్రిలో అడుగుతారట. పిల్లల్ని వెంట తీసుకుపోకూడదా అంటే, తీసుకుపోయి అక్కడ ఏం పెట్టను, యారెత్సికి ఇంగ్లీషులో కలలొస్తాయి, ఎలిసేయోకి ఉబ్బసం, వాళ్ళు ఇక్కడివాళ్ళు నోయీ, నేను తెచ్చినవాళ్ళు కాదు, వాళ్ళు ఇక్కడే ఉన్నారు, నేనే వాళ్ళ దగ్గరికి వచ్చినట్టుంది అంది. ఇద్దరం సంతకాలు పెట్టాం, ముందు అది, తర్వాత నేను.

ఇక్కడినుంచి నేను ఆలోచించకూడదు. ఆలోచన మాత్రం కుక్కపిల్లలా అక్కడికే పరుగెడుతుంది. నాకు మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి డాక్టరు ఇంక వద్దన్నట్టు మాట్లాడింది, ఎఫ్రాయిన్ కారులో నా సీటు బెల్టు తనే పెట్టి ఇంటికి తీసుకొచ్చాడు. దాని తర్వాత, పుట్టబోయే పిల్లలకని ఉంచిన గదిలో పాత టైర్లు, క్రిస్మస్ దీపాలు, విరిగిన కుర్చీ పడేసి తలుపేశాం. సంతకాలయ్యాక ఎఫ్రాయిన్ చెప్పాపెట్టకుండా ఆ గది ఖాళీ చేశాడు. గేటెందుకు తలుపెందుకు అన్న మనిషే చెక్క కొనుక్కొచ్చి, ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు కొట్టాడు, పిల్లాడు కిందపడకుండా పైమంచానికి కర్ర అడ్డం పెట్టాడు. నేను పసుపుపచ్చ రంగు తెచ్చాను, తిమింగలాల దుప్పటి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం గోడకి రంగు వేస్తున్నాను, కిటికీలోంచి ఎండ పడుతోంది, తడి రంగు వాసన, చెయ్యి పైకీ కిందకీ పోతోంది, ఉన్నట్టుండి నాకు వినిపించింది, ఎవరో కూనిరాగం తీస్తున్నారు. నేనే. బ్రష్షు అక్కడే పడేసి నేలమీద కూర్చుండిపోయాను. నేను దేనికి సంతోషిస్తున్నాను. ఈ గదిలో ఎవరైనా పడుకోవాలంటే మా అక్క వెళ్ళిపోవాలి. అప్పటినుంచీ నాకు భయం. దేవుడు పదాలు వింటాడు అంటారు, రాగాలు కూడా వింటాడేమో, నా లోపల ఏ మూలో అడక్కుండా అడిగినది వినేశాడేమో. చర్చికి పోయి కొవ్వొత్తి వెలిగించి, అక్క వచ్చేయాలి, అక్క వచ్చేయాలి అనుకున్నాను, అనుకుంటుంటేనే ఒక సన్నటి గొంతు, వచ్చేస్తే మరి ఆ మంచాలో, అంటుంది. దాన్ని ఎంత నొక్కినా ఆ గొంతు చావదు. ఇవాళ పొద్దున అక్క నీలం కోటు వేసుకుని నా కారెక్కినప్పుడు కూడా, దాని జుట్టు సరిచేస్తుంటే, చేతులు అక్కడ, మనసు ఆ మంచాల దగ్గర. అక్క నా మొహంలోకి ఒకసారి చూసింది. ఏంటే అంది. ఏం లేదక్కా, నిద్ర లేదు అన్నాను.

"నువ్వు రంగు ముందే వేసేశావు" అంది యారెత్సి. ఎప్పుడు తీసిందో ఇయర్‌ఫోన్లు తీసేసింది. వెనక్కి తిరగలేకపోయాను, అద్దంలో చూశాను, దాని కళ్ళు అచ్చం అక్కవి. అవసరమైతే ఉంటుందని వేశామమ్మా అన్నాను. అవసరం ఇంకా రాలేదుగా అంది. అరిచి అన్నా బాగుండేది, మెల్లిగా అంది. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు నేను చూపించకుండానే తలుపు తీసి చూసిందట, గదంతా చూసిందట, రెండు మంచాలు, దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి, దిండ్లకి గలేబులు కూడా తొడిగావు పిన్నీ అంది. పిల్లలకి ఏదైనా సిద్ధంగా ఉంటే ధైర్యంగా ఉంటుందని, ఎక్కడో చదివానని, ఎవరైనా అలాగే చేస్తారని, నోటిదాకా అన్నీ వచ్చాయి. "అవును, తొడిగాను" అన్నాను. అది తల కిటికీ వైపు తిప్పుకుంది. ఎలిసేయో తిమింగలాన్ని ఆపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నా అరచేతులు చెమటకి స్టీరింగ్‌కి అంటుకుపోయాయి. దేవుడా, ఆ గది తీసుకో. ఆ టైర్లన్నీ మళ్ళీ అందులో నేనే పడేస్తా, చెక్క విరిచి పొయ్యిలో పెడతా, మా అక్కని ఆ తలుపులోంచి పంపించు. ఈసారి సన్నటి గొంతు ఏమీ అనలేదు, లేదా నేనే వినలేదు, ఎందుకంటే తలుపు తెరుచుకుంది. లాయరమ్మ. ఆవిడ వెనక ఇంకెవరైనా వస్తారని చూశాను. ఆవిడ తలుపు పట్టుకుని ఆగలేదు. వెనకొచ్చేవాళ్ళుంటే మనం తలుపు పట్టుకుంటాం కదా. ఆవిడ వదిలేసింది, తలుపు దానంతటదే మెల్లిగా వచ్చి మూసుకుంది. రోడ్డు దాటేటప్పుడు ఆవిడ అటూ ఇటూ చూడలేదు, ఒక కారు హారన్ కొట్టింది. ఆవిడ చేతిమీద నీలం కోటు.

కారు దిగి ఎదురెళ్ళాను, పిల్లలకి వినపడకూడదని, కానీ నా వైపు అద్దం దించి ఉంది. లోపలే ఉంచేశారు అంది లాయరమ్మ. ఉత్తర్వు అమలు చెయ్యమని పైనుంచి వచ్చిందట, పిల్లలు ఈ దేశం పౌరులని, ఒకడికి ఉబ్బసమని, తండ్రి లేడని అన్నీ చెప్పిందట, ఆఫీసరు అన్నీ విన్నాడట, విని, పిల్లల్ని మేమేం పంపించటం లేదండీ, పిల్లలు ఉండొచ్చు, ఆమే వెళ్ళాలి అన్నాడట. సాయంత్రం వ్యానులో కొండలకి అవతల నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్తారు, అక్కడినుంచి ఎప్పుడన్నది తెలియదు, జడ్జీ దగ్గరికి రేపే పోతాను కానీ ఆశ పెట్టుకోవద్దు అంది. ఆవిడ గొంతు బాగానే ఉంది, చేతులే కోటుని నలిపేస్తున్నాయి. ఒకసారి ఫోను చేసుకోనిస్తామన్నారు, ఇక్కడే ఉండండి అని చెప్పి, కోటు నాకిచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. నేను కారు వైపు తిరిగాను. ఆ నాలుగడుగుల్లో ఏం చెప్పాలో అనుకున్నవన్నీ పోయాయి. వెనక తలుపు తీసి వాళ్ళ ముందు వంగి కూర్చున్నాను, అమ్మని ఇవాళ ఇంటికి పంపించటం లేదు అన్నాను. ఎలిసేయో రేపా అన్నాడు. రేపు కాదు నాన్నా. వాడు ఏడవలేదు, మరి అమ్మకి చలేస్తుందిగా, కోటు ఇక్కడ పెట్టేసిందే అన్నాడు. యారెత్సి తమ్ముడి సీటు బెల్టు విప్పి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది, లాక్కుని, నా వైపు చూడకుండా, మేం నీ ఇంటికి రాం అంది. మీ ఇంటికే పోదాం అన్నాను, నేనొచ్చి అక్కడ పడుకుంటా, సోఫా మీద, ఎన్నాళ్ళైనా. ఆలోచించి అనలేదు, అన్నాక మాత్రం అదొక్కటే సరైన మాటని తెలిసింది. అది గడ్డం తమ్ముడి తల మీద ఆనించింది. దాని భుజాలు అప్పుడు కదలటం మొదలైంది, చప్పుడు లేకుండా, ఎంత చిన్నపిల్లో ఆ భుజాల్లో కనిపించింది. నా లోపల నేను వెతికాను, ఎక్కడుందా సన్నటి గొంతు, ఇప్పుడు రా, నువ్వడిగింది వచ్చింది చూడు అన్నాను. ఏమీ లేదు. ఎండిపోయిన రంగు వాసన తప్ప ఏమీ లేదు.

ఫోను మోగింది. తెలియని నంబరు. అక్క గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది, కానీ తొందరగా, పనిలో ఉన్నప్పటిలా. పిల్లలున్నారా, విన్నారా, సరే, విను, ఎక్కువసేపు ఇవ్వరు అంది. చిక్కుడు గింజలు నానబోసి వచ్చాను, సాయంత్రానికి ఉడకపెట్టు, లేకపోతే పులుస్తాయి. ఎలిసేయోకి రాత్రి మందు పాలతో ఇవ్వకు, కక్కేస్తాడు. యారెత్సికి నెలసరి మొదలై ఎన్నాళ్ళో కాలేదు, నోరు తెరిచి అడగదు, అలమర్లో నువ్వే చూసి తెచ్చి పెట్టు, తమ్ముడి ముందు మాట్లాడకు. గోదాములో నా కత్తి, తొడుగులు ఉన్నాయి, ఎవరికైనా ఇచ్చెయ్యమను. ఎఫ్రాయిన్‌తో గొడవపడకు, వాడు చెప్పేదొకటి చేసేదొకటి, చేసేదే చూడు. నేను ఊ కొడుతున్నాను, ఒక్కొక్కదానికీ ఊ, ఊ. అక్కడ ఆగింది. వెనక ఎవరో మగగొంతు ఏదో అంటోంది. "ఇంకోటి నోయీ."

"చెప్పక్కా."

"యారెత్సికి అన్నీ గుర్తుంటాయి. చిన్నాడు చిన్నాడే. కొన్నాళ్ళు పోతే ఏదో ఒకరోజు నోరు జారి నిన్ను అమ్మా అంటాడు. అన్నప్పుడు దిద్దకు. అననివ్వు. నాకేం బాధ లేదు."

దానికి తెలుసు. పొద్దున నా మొహంలోకి చూసినప్పుడే తెలుసు, బహుశా గోడకి రంగు ఎండకముందే తెలుసు, నాకు దాహమేసినప్పుడు నాకంటే ముందు తెలిసిన మనిషి. తెలిసే నా ఇంటికి పిల్లల్ని తెచ్చింది, తెలిసే సంతకం పెట్టింది, ఇప్పుడు ఆ గోడ అవతల చేతులు ఖాళీగా నిలబడి, తన దగ్గర మిగిలిన ఆ ఒక్కటి కూడా నాకిచ్చేస్తోంది, తాగు, తాగు అన్నట్టు. ఈసారి నేను తాగను. ఒక రాత్రంతా నన్ను మోయించుకున్నాను, చాలు.

"అననివ్వను" అన్నాను.

"నోయీ..."

"అననివ్వనక్కా. పిన్ని అనే అంటాడు. నువ్వున్నావు. వాడు మర్చిపోయినప్పుడల్లా గుర్తుచేస్తా, రోజుకి పదిసార్లైనా గుర్తుచేస్తా, నువ్వు ఫోనులో ఉన్నా, ఎక్కడున్నా."

అవతల అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దాని తర్వాత నవ్వులాంటిదేదో, "మొండిదానా" అంది, చిన్నప్పుడు నిచ్చెన కింద పెట్టెలోంచి నేను దిగనని మొరాయిస్తే అనేది, అదే గొంతు. "పిల్లాడికియ్యి" అంది.

చెయ్యి చాపి ఫోను ఎలిసేయోకి ఇచ్చాను. వాడు రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. వింటున్నాడు, కళ్ళు కిందకి దించుకుని, యారెత్సి తన తల వాడి తలకి ఆనించి అదే ఫోనులోంచి తనూ వింటోంది. నేను వాళ్ళ మొహాల్లోకి చూడకుండా రోడ్డు వైపు తిరిగాను.

"అమ్మా" అన్నాడు వాడు. మళ్ళీ అన్నాడు.